ప్రతి నోటికీ నోరి

మెదక్ జిల్లా పసిపిల్లల పళ్లెంలోకి సముద్రం ప్రవేశించిందని తెలియజేయడానికి జిల్లా బాలపోషణ సమన్వయ విభాగం మిక్కిలి సంతోషించింది. మెదక్ పట్టణానికి సముద్రం దాదాపు నాలుగు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నమాట నిజమే. కానీ దూరాన్ని సాకుగా చూపి ప్రగతిని ఆపడం ఆ విభాగానికి అలవాటు లేదు. ఈ మహత్తర మార్పుకు మూలపురుషుడు అదే విభాగంలో ఆవక గుమాస్తాగా పనిచేసే పరమేశ్. అతను చేసిందల్లా ఒక కథ రాయడం. ఆ కథను పైవాళ్లు ఎవరూ చదవకపోవడం వల్ల మిగతాదంతా సాధ్యపడింది.

పరమేశ్‌కు నలభై ఏళ్లుంటాయి. రాందాస్ చౌరస్తా దాటాక ఉన్న ఆఫీసులో కింది అంతస్తు, కిటికీ పక్క సీటు. వచ్చిన ప్రతి కాగితం మీద ‘అందినది’ అని ముద్ర వేసి, నంబరు రాసి, పైకి పంపడం అతని ఉద్యోగం. పదిహేనేళ్లుగా ఆ ముద్ర వేస్తున్నాడు. పైకి వెళ్లిన కాగితాలు ఏమవుతాయో అతను ఎన్నడూ అడగలేదు. అడగకపోవడం వల్లే పదిహేనేళ్లు నిలిచాడని ఆఫీసులో అందరికీ గౌరవం.

సోమవారం అర్జీలు తీసుకునే రోజు. ఆ రోజు పొద్దున పల్లెవెలుగు బస్సు దిగి మణెమ్మ వచ్చేది. ఆమెది శంకరంపేట అవతల కొత్తకుంటపల్లి. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం నాట్లు వేసే ఆడవాళ్లను పొలం ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పిలిచిన గొంతు. మనవడు హర్షిత్ ఊళ్లో అంగన్‌వాడీకి పోతాడు. మనవరాలు కావ్య మెదక్‌లో డిగ్రీ చదువుతుంది. మణెమ్మ అర్జీలో ఎప్పుడూ ఒక్కటే ప్రశ్న.

“సారూ, మా అంగన్‌వాడికి గుడ్లు ఎందుకొస్తలేవు?”

“అవ్వా, రికార్డుల అయితే వచ్చినట్టే ఉన్నయి,” అనేవాడు పరమేశ్, కంప్యూటర్ వైపు చూసి.

“గట్లయితే రికార్డే తిన్నదేమో. మా పిలగాండ్లు మాత్రం తినలే.”

ఇది అధికారుల దృష్టిలో చాలా అన్యాయమైన ప్రశ్న. ఎందుకంటే కాగితాల మీద కొత్తకుంటపల్లికి గుడ్లు ఒక్కరోజు కూడా ఆగలేదు. వానల్లో ఆగలేదు, బందుల్లో ఆగలేదు, సెలవు రోజుల్లో కూడా ఆగలేదు. ఇంత క్రమశిక్షణతో నడుస్తున్న గుడ్లను పట్టుకుని ‘ఏవీ’ అని అడిగే మనిషిలో ఏదో లోపం ఉండి ఉండాలి. ఆఫీసు అటెండర్ ఎల్లం ఆ లోపానికి ఒక పేరు పెట్టాడు. కాలు లేనిదాన్ని కుంటి అంటారు, చెవి వినపడనిదాన్ని చెవిటి అంటారు, మాట లేనిదాన్ని మూగి అంటారు. నోరు ఉన్నదాన్ని ఏమనాలి? “నోరి” అన్నాడు ఎల్లం.

“పరమేశన్నా, నోరి బస్సు దిగింది. కాగితాలు జర సర్దుకో,” అని గేటు దగ్గర నుంచే హెచ్చరించేవాడు.

ఆ మాట పరమేశ్ మనసులో పడింది. అతనికి చిన్నప్పటి నుంచి కథలు రాసే అలవాటు ఉంది. పెళ్లయ్యాక తగ్గింది, ఉద్యోగం వచ్చాక ఇంకా తగ్గింది, పూర్తిగా పోలేదు. నాలుగు ఆదివారాలు కూర్చుని ‘నోరి’ అనే కథ రాశాడు.

కథలో ఒక ఊరు. ఊరివాళ్లంతా తమ నోళ్లను జాగ్రత్తగా ఉంటాయని పెద్దసారు ఇనుపబీరువాలో పెట్టించి, రసీదులు తీసుకుంటారు. పండగలకు ఇప్పించుకుని, జేజేలు కొట్టి, మళ్లీ అప్పజెబుతారు. ఒక ముసలామె మాత్రం నోరు ఇవ్వదు. అది అంటురోగమని ఊళ్లో వైద్య శిబిరం పెడతారు. ముగ్గురు డాక్టర్ల బృందం ఆమెను పరీక్షించి, నోరు ముదిరిపోయిందని, ఇక తీయడం కష్టమని తేలుస్తుంది. అప్పుడు పెద్దసారు ఆమె చుట్టుపక్కల వాళ్లందరికీ చెవుల్లో పెట్టుకోమని దూది పంచుతాడు. కథలో పెద్దసారుకు బట్టతల, ఫోన్ మాట్లాడుతూ గుడ్లు లెక్కపెట్టే అలవాటు ఉన్నాయి. ఆ రెండూ విభాగం ఉప సంచాలకులు మదన్ మోహన్ గారికి కూడా ఉండటం కేవలం యాదృచ్ఛికం కాదు.

కథ ‘పాలకంకి’ అనే మాసపత్రికలో అచ్చయింది. చందాదారులు కథ చదివి చాలా బాగుందని, తమ ఆఫీసు గురించి రాసినట్టే ఉందని, తమ పేరు ఎక్కడా చెప్పవద్దని ఉత్తరాలు రాశారు. ఎవరో పుణ్యాత్ములు ఆ పేజీలను ఫోటో తీసి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. కింద “మన పరమేశ్ రాసిండు” అని రెండు నమస్కారాలు. ఆ నమస్కారాలు చూసి పరమేశ్‌కు చెమటలు పట్టాయి.

మధ్యాహ్నానికల్లా కబురు తెలిసింది. సారు ఫైలు తెరవమన్నారు. మెమో తయారవుతుంది.

ఇంటికి వెళ్లి భార్య యశోదకు చెప్పాడు. ఆమె ఇంటి ముందర బ్లౌజులు కుడుతుంది. మిషన్ ఆపింది.

“రాసెటప్పుడు జర ఆలోచించొద్దా? పేరన్న మార్చకపోతివి,” అన్నది.

“మార్చిన. మణెమ్మ అని పెట్టలే. నోరి అని పెట్టిన.”

“ఆమె పేరు కాదయ్యా! నీ పేరు!”

రెండు రోజులు పరమేశ్‌కు అన్నం సహించలేదు. మూడో రోజు పొద్దున క్షమాపణ పత్రం రాసుకున్నాడు. కథ రాసిన నాలుగు ఆదివారాలూ తనకు జ్వరం ఉన్నదని, వెలువడిన ప్రతి వాక్యం జ్వరానిదే తప్ప తనది కాదని, ఇకపై జ్వరం వచ్చినా కలం ముట్టనని అందులో విన్నవించుకున్నాడు. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని ఆఫీసుకు వెళ్లాడు.

ఇక్కడ ఒక పరిపాలనా సూక్ష్మం చెప్పాలి. మన కార్యాలయాల్లో ఏ విషయమైనా పైకి వెళ్లాలంటే దాని మీద ఒక పేజీ నోట్ ఉండాలి. నోట్ ఉంటే విషయం చదవనక్కర్లేదు. నోట్ రాయవలసినవాడు మదన్ మోహన్ గారి పీఏ ఉదయ్ కుమార్. కుర్రవాడు, చురుకైనవాడు, తెలుగు చదవడం మాత్రం పదో తరగతితోనే పూర్తిచేసుకున్నవాడు. పన్నెండు పేజీల కథను చూసి, శీర్షికను మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో ఫోన్‌లో కొట్టాడు. ఫోన్ వెంటనే జవాబు చెప్పింది. నోరి అనగా తినదగిన సముద్రపు నాచు. జపాన్ దేశంలో పలుచటి కాగితంలా ఆరబెట్టి, అన్నం చుట్టుకుని తింటారు. మాంసకృత్తులు, అయోడిన్, విటమిన్లు దండి. ఉదయ్ కుమార్ దాన్ని చక్కటి ఆఫీసు తెలుగులోకి మార్చి, చివర ఇలా ముగించాడు: ‘సదరు ఉద్యోగి సదరు నాచు పట్ల ప్రజల్లో అవగాహన కల్పించుటకు స్వచ్ఛందంగా కథ రాసినట్లు అర్థమగుచున్నది.’

పరమేశ్ సారు గదిలోకి వెళ్లేసరికి మదన్ మోహన్ గారు లేచి నిలబడ్డారు. ఉప సంచాలకులు గుమాస్తాకు లేచి నిలబడటం ఆ భవనంలో మొదటిసారి. పరమేశ్ తన వెనక ఇంకెవరో పెద్దవాళ్లు వచ్చారేమోనని తిరిగి చూశాడు.

“రా పరమేశ్, కూసో. గింత టాలెంట్ పెట్టుకోని కింద ముద్రలేసుకుంట కూసున్నవా?”

“సార్, జ్వరంల…”

“జ్వరమొచ్చినా పని ఆపలేదన్నట్టు! గదీ డెడికేషన్ అంటే. నోరి! ఏం ఆలోచనయ్యా. ఆ గుడ్ల లొల్లితోని నేను మస్తు పరేషాన్ల ఉన్న. సోమవారమొస్తే గుడ్లేవి, గుడ్లేవి అని మెదడు తింటున్నరు. నువ్వు గా గుడ్డు జాగల నాచు పెట్టమని ఎంత పద్ధతిగ చెప్పినవు!”

పరమేశ్ చెయ్యి జేబులోని మడత కాగితం మీద ఉంది. నోట్ ఎదురుగా బల్ల మీద ఉంది. తలకిందులుగానే అయినా ‘నాచు’ అనే మాట చదవగలిగాడు. ఏం జరిగిందో అర్థమైంది. ఇప్పుడు తను చెప్పవలసింది ఒక్క వాక్యమే. సార్, నోరి నాచు కాదు, ఒక ఆడమనిషి. ఆ వాక్యం గొంతు దాకా వచ్చింది. దాని వెనకే యశోద మొహం, సర్వీసు పుస్తకం, ఎక్కడో ఆదిలాబాద్ అడవుల్లోకి బదిలీ వచ్చాయి. అవన్నీ కలిసి వాక్యాన్ని కిందికి తోశాయి.

“నీ ఉద్దేశం గదే గదా పరమేశ్?”

“అవున్ సార్,” అన్నాడు పరమేశ్. “నాచే సార్.”

ఆ సాయంత్రం యశోద కోడికూర వండింది. “గండం గడిచింది, ఇగ దాని గురించి ఆలోచించకు,” అన్నది. పరమేశ్ తృప్తిగా తిన్నాడు. చేయి కడుక్కునేటప్పుడు మాత్రం మణెమ్మ గుర్తొచ్చింది. నాచు సంగతి ఫైలులోనే ఉండిపోతుందిలే, ఏ ఫైలు మాత్రం బయటికొచ్చింది గనక, అని సర్దిచెప్పుకున్నాడు. పదిహేనేళ్ల అనుభవం మీద చేసుకున్న అంచనా అది. తప్పింది. ప్రజలకు కావలసిన ఫైలు కదలడానికి ఏళ్లు పట్టవచ్చు. ప్రజలు అడగని ఫైలుకు కాళ్లుంటాయి.

వారంలో సాంకేతిక కమిటీ ఏర్పడింది. గుడ్డు, నాచు సమానమేనా అన్నది కమిటీ ముందున్న ప్రశ్న. రెండు సమావేశాలు, ఆరు రకాల బిస్కెట్ల అనంతరం సమానమేనని తేల్చారు. కారణాలు రాతపూర్వకంగానే ఉన్నాయి. రెండింటినీ చేత్తో పట్టుకోవచ్చు. రెండూ శాకాహారమా మాంసాహారమా అన్న విషయంలో వివాదం ఉంది. కొత్తకుంటపల్లి వంటి గ్రామాల్లో పిల్లలు గుడ్డును చూసి మూడు నెలలైంది గనుక, రెండూ వారికి ఒకే మోతాదులో కొత్త. కావున ఒక గుడ్డుకు బదులు ఒక నాచు ఆకు ఇవ్వవచ్చును.

సరఫరా బాధ్యత తూప్రాన్‌లో టెంట్‌హౌస్ నడిపే ఒక పెద్దమనిషికి దక్కింది. ఆయన జిల్లా పోషణ సలహా మండలి అధ్యక్షులు రంజిత్ రావు గారికి బావమరిది. అది అనర్హత కాదని కమిటీ స్పష్టం చేసింది. దరఖాస్తు చేసుకున్నవారందరిలో సముద్రాన్ని స్వయంగా చూసినవాడు ఆయన ఒక్కడే. విశాఖపట్నంలో దిగిన ఫోటో కూడా జతపరిచాడు.

దిగుమతి మీద ఎన్నాళ్లు ఆధారపడతామన్న ఆత్మగౌరవ ప్రశ్న వచ్చింది. ఆఫీసు వెనక ఉన్న సిమెంటు తొట్టిలో నాలుగు బస్తాల ఉప్పు కలిపి సముద్రం తయారుచేశారు. వేయించిన నాచు ఆకులను చిన్నగా తుంచి విత్తనంగా చల్లారు. రంజిత్ రావు గారు కొబ్బరికాయ కొట్టారు. తొట్టికి అడుగున పగులు ఉన్న సంగతి ఎవరికీ తెలియదు. ఉప్పు పక్కనున్న బోరు నీళ్లలోకి దిగి, పది రోజులు ఆఫీసులో చాయ్ ఉప్పగా వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. పదకొండో రోజు తొట్టి గోడలకు పచ్చగా ఏదో పట్టింది. ‘మెదక్ గడ్డపై తొలి సముద్రపు పంట’ అని పేపర్లకు ఫోటో ఇచ్చారు. అది ఏటా పట్టే పాకురే. ఏటా దాన్ని బ్రష్షుతో గీకేది తనే అయినందున ఎల్లం ఆ ఫోటోను చాలాసేపు చూశాడు.

“అన్నా, నేను ఇన్నేండ్లు పంటను పారబోసిన్నా?” అని పరమేశ్‌ను అడిగాడు.

గోడల మీద నినాదం వెలిసింది: ‘ప్రతి నోటికీ నోరి’. పరమేశ్‌కు పై అంతస్తులో కుర్చీ, ‘పథక రూపశిల్పి’ అనే హోదా ఇచ్చారు. ముద్ర వేసే పని తప్పింది. ఇప్పుడు అతని పని ఊళ్లకు వెళ్లి పిల్లలు ఆనందంగా తింటున్నారని చూసి రావడం. మొదటి ఊరుగా ఉదయ్ కుమార్ కొత్తకుంటపల్లిని ఎంచాడు. “అన్నా, గా ముసలామె ఊరే. అక్కడ ఓకే అయితే జిల్లా మొత్తం ఓకే,” అన్నాడు.

అంగన్‌వాడీ పంచాయతీ ఆఫీసు పక్క గదిలో ఉంది. టీచర్ రాజమణి పిల్లలను వరసగా కూర్చోబెట్టింది. ముప్పై రెండు మంది. ఒక్కొక్కరి పళ్లెంలో అన్నం, పప్పు, పక్కన నల్లటి పచ్చటి పలుచటి ఆకు. పిల్లల్లో ఒకడు దాన్ని నుదుటికి అంటించుకున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు మడతపెట్టి పడవ చేస్తున్నారు. ఒకడు ఎండకు అడ్డం పెట్టి అందులోంచి సూర్యుణ్ని చూస్తున్నాడు. వాడే హర్షిత్ అని రాజమణి చెప్పింది.

“తింటున్నరా మేడమ్?” అని అడిగాడు పరమేశ్.

“తింటున్నరని రాయమన్నరు సార్. రాసిన.”

“నిజంగ?”

రాజమణి గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. “ఒక పిల్లకు అంగిట్లకు అతుక్కోని ఊపిరాడలే. నీళ్లు తాగిపిచ్చి, వేలు పెట్టి తీసిన. అప్పటిసంది నాకు భయమైతుంది. గాని తినిపించకుంటే నా మీద రాస్తరట.”

హర్షిత్ ఆకు పట్టుకుని వచ్చి పరమేశ్ ప్యాంటు గుంజాడు. “సార్, గిది రాసుకునేదా, తినేదా?”

వాడి చెయ్యి మణికట్టు దగ్గర రెండు వేళ్లలో ఇమిడేంత సన్నంగా ఉంది. పరమేశ్ ఆ చెయ్యినే చూస్తూ ఉండిపోయాడు. పదిహేనేళ్లుగా అర్జీల్లో ‘పిల్లలు’ అన్న మాట చదివాడు గానీ, ఆ మాటకు చేతులుంటాయని అతనికి ఎప్పుడూ తట్టలేదు.

అప్పుడే మణెమ్మ వచ్చింది. వెనక కావ్య. మణెమ్మ మొహంలో కోపం లేదు. అది అతన్ని ఇంకా భయపెట్టింది.

“నువ్వేనా సారూ? కిటికి కాడ కూసుంటుంటివి. మా కావ్య నీ కథ చదివి వినిపిచ్చింది. నా మీదనే రాసినవంట గద. అందరు నోర్లు దాసుకుంటే ముసల్ది దాసుకోలేదని. అది సదువుతుంటే నాకు ఏడుపొచ్చింది బిడ్డా. నా మాట ఒక్కలన్న విన్నరు అనుకున్న.” ఆగింది. “మరి తర్వాత పేపర్ల నన్ను నాచు అని ఎందుకు చెప్పినవు?”

పరమేశ్ నేల చూశాడు. “నౌకరి పోతదని భయపడ్డ అవ్వా.”

“నన్నేమన్న అను. నాచు అను, పాకురు అను, నాకేం కాదు. గాని ఇంతకుముందు గుడ్లు కాగితం మీదన్న ఉండె. కాగితం సూపెట్టి ‘ఏవి’ అని అడుగుతుంటి. ఇప్పుడు గక్కడ కూడ లేకపాయె. ఇగ నేనేమని అడగాలె?”

కావ్య ముందుకొచ్చింది. “సార్, మా కాలేజీల మీ కథ అందరికి నచ్చింది,” అన్నది మెల్లగా. “రాసినాయినే కాదంటే మేమేమనాలె?”

పరమేశ్ రాజమణి రిజిస్టర్‌లో సంతకం పెట్టకుండా లేచాడు. “పై వారం టౌన్‌హాల్‌ల మీటింగ్ ఉందవ్వా. నాకు సన్మానమంట. అందరి ముందు మైకుల చెప్త. నాచు కాదు, మణెమ్మ అని చెప్త.”

“చెప్తవా?”

“చెప్త.”

ఆ వారం పరమేశ్ నిజంగానే మారిపోయాడు. అద్దం ముందు నిలబడి చెప్పుకున్నాడు. యశోద బ్లౌజుకు హుక్కులు కుడుతూ విన్నది. కొంతసేపటికి “ఆ ‘మన్నించుండ్రి’ అన్న మాట తీసెయ్. తప్పు వాళ్లదైతే నువ్వెందుకు మన్నించమనాలె?” అన్నది. “మరి బదిలీ చేస్తే?” అన్నాడు. “మిషన్ ఏడికి తీస్కపోయినా కుడతది,” అన్నది. వాళ్ల పెళ్లయి పదిహేడేళ్లయింది. ఆ ఒక్క మాటకు అతనికి ఆమె మీద కొత్తగా ప్రేమ పుట్టింది.

సభ ఘనంగా జరిగింది. లబ్ధిదారులను ఊళ్ల నుంచి బస్సుల్లో తీసుకొచ్చారు. మణెమ్మ కావ్యతో ముందు వరసలోనే కూర్చుంది. ఉప్పు తొట్టిలో మొలకెత్తిన పాకురును గాజు పాత్రలో వేదిక మీద పెట్టారు. దానికి పూలదండ వేశారు. రంజిత్ రావు గారు ముప్పావుగంట ప్రసంగించారు.

“సోదర సోదరీమణులారా! జపాన్ వాళ్లు గంత చిన్న దేశం పెట్టుకోని రైళ్లు గంత స్పీడుగ ఎట్ల నడుపుతున్నరు? ఆలోచన చేయుండ్రి. నాచు! గుడ్డు ఏం ఇచ్చింది మనకు? గుడ్డు పగులుతది, కుళ్లుతది, లెక్కల తేడా వస్తది, మన ఆఫీసర్లకు చెడ్డపేరు తెస్తది. నాచు పగలదు, కుళ్లదు, ఎవ్వలు దొంగతనం చెయ్యరు. ఎందుకంటే ఎవ్వలు తినరు… అంటే, దొంగలు తినరు! పిల్లలే తింటరు!”

చప్పట్లు మోగాయి. తర్వాత పరమేశ్‌కు శాలువా కప్పారు. మైకు చేతికిచ్చారు. అతను ముందు వరస వైపు తిరిగాడు.

“అందరికి నమస్కారం. నేను నాచు గురించి కథ రాయలే. నోరి అంటే నాచు కాదు. నోరి అంటే గీ ముందల కూసున్న మణెమ్మ. కొత్తకుంటపల్లి పిల్లలకు మూడు నెలలసంది గుడ్లు వస్తలేవు. వచ్చినట్టు రాసుకుంటున్నరు. గది అడిగినందుకు ఆమెను మా ఆఫీసుల నోరి అని ఎక్కిరిస్తం. నేను నౌకరి భయానికి అబద్ధం చెప్పిన. గా ఆకు పిల్లల గొంతుకు అతుక్కుంటుంది. దయచేసి బందు పెట్టుండ్రి. గుడ్లు ఇయ్యిండ్రి.”

హాలు నిశ్శబ్దమైపోయింది. మదన్ మోహన్ గారి తల మీద చెమట మెరిసింది. మణెమ్మ లేచి నిలబడింది. పరమేశ్ జీవితంలో అంత తేలికగా ఊపిరి పీల్చిన క్షణం ఇంకొకటి లేదు.

ఆ నిశ్శబ్దంలోంచి రంజిత్ రావు గారు పకపకా నవ్వారు.

“అబ్బ, ఏం యాక్టింగయ్యా! వ్యంగ్య రచయిత అని ఊకెనే అంటరా!”

పెద్దాయన నవ్వాక మదన్ మోహన్ గారు నవ్వారు. సారు నవ్వాక ఆఫీసంతా నవ్వింది. ఆఫీసు నవ్వాక వెనక వరసలు నవ్వాయి. “లేదు, నిజం, ఒట్టు,” అని పరమేశ్ అంటున్న కొద్దీ నవ్వు పెరిగింది. ఎవరో ఈల వేశారు. ఇంకొకసారి చెప్పమన్నారు. మణెమ్మ చుట్టూ తిరిగి చూస్తూ “ఎందుకు నవ్వుతున్నరు? సారు నిజం చెప్పిండు!” అని అరిచింది. ఆమెను కూడా నాటకంలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. మరునాటి మినిట్సులో ‘రచయిత తన చమత్కార సంభాషణతో సభను రంజింపజేశారు’ అని నమోదైంది. బదిలీ రాలేదు, మెమో రాలేదు. శిక్షించాలంటే అతను నిజం మాట్లాడాడని ఎవరైనా ఒప్పుకోవాలి కదా.

తిరుగు బస్సు దగ్గర మణెమ్మ అతని చెయ్యి పట్టుకుంది. “కథ రాస్తే నవ్విన్రు. మైకుల చెప్తే నవ్విన్రు. ఇగ కథల్లేవు, మైకుల్లేవు. ఉత్త అర్జీ రాయి బిడ్డా. ఉన్నది ఉన్నట్టు.”

ఇద్దరూ అక్కడే, బస్సు మెట్ల మీద కూర్చుని రాశారు. ఊరి పేరు, పిల్లల సంఖ్య, గుడ్లు ఆగిన తారీఖు, ఆకు అతుక్కున్న పిల్ల పేరు. ఒక్క పోలిక లేదు, ఒక్క చమత్కారం లేదు. మణెమ్మ తన పేరు తనే వంకర అక్షరాలతో రాసింది. ఉద్యోగి అయిన తను అర్జీ మీద సంతకం చేయకూడదని తెలిసీ పరమేశ్ కింద సంతకం పెట్టి, హోదా కూడా రాసి, మరునాడు ‘అందినది’ ముద్ర వేయించి పైకి పంపాడు.

నెల రోజులకు కొత్తకుంటపల్లికి విభాగం నుంచి మందపాటి కవరు వచ్చింది. ఆ కబురు విని పరమేశ్ సెలవు పెట్టి వెళ్లాడు. అంగన్‌వాడీ గుమ్మంలో మణెమ్మ, కావ్య, రాజమణి కవరు చుట్టూ కూర్చుని ఉన్నారు. కావ్య చదివింది.

‘మీరు సంయుక్తంగా సమర్పించిన ‘అర్జీ’ అను రచన, సభ విజయానంతరం విభాగం ప్రారంభించిన వ్యంగ్య రచనల పోటీలో ప్రోత్సాహక బహుమతికి ఎంపికైనదని తెలుపుటకు సంతోషిస్తున్నాము. ఎంపిక పూర్తిగా ఆన్‌లైన్‌లో పాఠకుల ఓట్ల ద్వారా జరిగినది. నాలుగువేల మందికి పైగా పాఠకులు చదివి ఓటు వేసినారు. బహుమతిగా నోరి ప్యాకెట్లు పంపుతున్నాము.’

కవరులో ఇంకొక కాగితం ఉంది. పాఠకుల అభిప్రాయాలు.

“సదువు, ఏమన్నరో,” అన్నది మణెమ్మ ఆత్రంగా. నాలుగు వేల మంది తన మాట చదివారన్న సంగతి ఆమెకు ఇంకా నమ్మశక్యంగా లేదు. “ఒక్కలన్న గుడ్ల గురించి అడిగిన్రా?”

కావ్య పైనుంచి కింది దాకా వేలితో వెతికింది. చదువుకున్నవాళ్లు, మంచివాళ్లు, పత్రికలు తెప్పించుకునేవాళ్లు రాసిన అభిప్రాయాలవి. ‘క్లుప్తత అద్భుతం.’ ‘పిల్లల సంఖ్య చెప్పడం మంచి టెక్నిక్.’ ‘ముగింపులో ఇంకొంచెం మెరుపు ఉంటే బాగుండేది.’ ‘గుండె పిండేశారు, మరిన్ని రాయండి.’ ఎక్కువమంది మాత్రం ఒక్కటే మాట రాశారు.

“శైలి బాగున్నదన్నరు నానమ్మా.”

మణెమ్మ పరమేశ్ వైపు తిరిగింది.

“శైలి అంటే ఏంది సారూ? ఉడకబెడితే పిల్లలు తింటరా?”